ముందు కడుపు సంగతి చూడండి, పాటీ కుర్చీ సంగతి తర్వాత

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకు రెండేళ్ళ తొమ్మిది నెలలు. ఒంటికి వస్తే చెబుతాడు గానీ దొడ్డికి మాత్రం డైపర్ వేసేదాకా ఆగుతాడు, వేశాక తలుపు చాటుకు వెళ్ళి నిలబడతాడు. అదీ మూడు రోజులకోసారి. జూన్‌లో బడిలో చేర్చుకోవాలంటే డైపర్ మానేసి ఉండాలన్నారు. మీ అత్తగారేమో రెండు దెబ్బలు వేస్తే దారికి వస్తాడంటున్నారు. మీది నల్లగొండ, మాది జడ్చర్ల. ఊరొక్కటే తేడా, మిగతాదంతా నాలుగేళ్ళ కిందటి మా ఇల్లే.

ఇలాంటి ప్రశ్నకు మగవాడు జవాబు రాస్తున్నాడేమిటని అనుకోకండి. మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు, ఏడున్నర బస్సుకు వెళ్ళిపోతుంది. నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు, ఇంటి ముందు గదిలోనే. కాబట్టి మా పిల్లవాడి ముడ్డి కడిగిన చెయ్యి ఎక్కువగా నాదే.

మా పెద్దమ్మాయి విషయంలో అసలు ఏ ఇబ్బందీ తెలియలేదు. రెండేళ్ళు నిండేదాకా దేవరకద్ర దగ్గర మా ఊళ్ళో మా అమ్మ దగ్గర పెరిగింది. పొద్దున పాలు తాగించగానే మా అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను పాదాల మీద కూర్చోబెట్టి 'స్స్స్' అని సన్నగా సద్దు చేసేది. నిజం చెప్పాలంటే మొదట్లో అలవాటు పడింది పిల్ల కాదు, మా అమ్మే. ఏ ముఖం పెడితే ఏమి రాబోతోందో ఆమెకు తెలిసిపోయేది. ఏడాదిన్నరకు ఆ పిల్ల తనంతట తానే నాయనమ్మ కొంగు పట్టి లాగేది. పిల్లలందరూ ఇలాగే నేర్చుకుంటారు కాబోలు అనుకున్నాం. (ఒక్క విషయంలో మాత్రం అమ్మతో గొడవపడేవాణ్ణి. చిన్నపిల్లల దొడ్డికి దోషం లేదని దాన్ని పెంటకుప్ప మీద పారేసేది. దోషం ఉంటుంది. నులిపురుగులు, విరేచనాలు దాని నుంచీ వ్యాపిస్తాయి. స్వచ్ఛ భారత్‌లో కట్టిన మరుగుదొడ్డి పెరట్లోనే ఉంది, అందులో రెండేళ్ళు యూరియా బస్తాలు పెట్టారు.)

చిన్నవాడు టౌనులో పెరిగాడు. టైల్స్ నేల, పగలూ రాత్రీ డైపరు, చేతిలో పాలసీసా. రోజుకు దాదాపు లీటరు గేదెపాలు తాగేవాడు, జొన్నరొట్టె ముక్క నోట్లో పెడితే ఉమ్మేసేవాడు. పాలు తాగుతున్నాడు కదా, బలమే కదా అనుకునేవాళ్ళం. రెండున్నరేళ్ళప్పుడు ఒకరోజు గట్టిగా, మేకపెంటికల్లా వచ్చి, చివర రక్తపు చార కనబడింది. ఆ రోజు వాడు పెట్టిన కేకకు షాపులో ఉన్న రైతు లోపలికి పరుగెత్తుకొచ్చాడు. అదే మొదలు.

ఆ తర్వాత కడుపులో కదలిక తెలియగానే మంచం కోడు పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు పెనవేసి, ముఖం ఎర్రగా చేసుకునేవాడు. పాపం ముక్కుతున్నాడు, రావడం లేదు అనుకున్నాం. అక్కడే తప్పు చేశాం. వాడు ముక్కడం లేదు, బయటికి రాకుండా బిగబట్టుకుంటున్నాడు. మీ బాబు తలుపు చాటున ఎలా నిలబడుతున్నాడో ఒకసారి గమనించండి. గొంతుక్కూర్చుంటే ముక్కుతున్నట్టు, కాళ్ళు బిగించి నిలబడితే బిగబట్టుకుంటున్నట్టు.

మాకా సంగతి తెలియక, మొండితనం అనుకుని నేలబారు లెట్రిన్ మీద బలవంతంగా కూర్చోబెట్టాను. వాడి కాళ్ళు రెండు పక్కలకూ అందవు, కింద చీకటి గుంట, పైనుంచి నా అరుపు. ఒకరోజు చెంప మీద కొట్టాను కూడా. కొట్టిన రోజు నుంచి ఆ గదిలో స్నానానికి కూడా రానన్నాడు.

తర్వాత నిక్కరులో పలచగా మరకలు పడడం మొదలైంది. విరేచనాలు పట్టుకున్నాయనుకుని మందుల షాపులో విరేచనాలు కట్టే సిరప్ తెచ్చి పోశాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నేను చేయలేదు. ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళితే రెండు నిమిషాలు చూసి, ఆకలికి టానిక్కు రాసి, పెద్దయితే అదే పోతుందన్నారు. మేమూ నిక్కరు సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాం, తప్పంతా ఆయనదే అనలేను.

దారి చూపించింది మహబూబ్‌నగర్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ. ఆమె మందు రాయడానికి ముందు పావుగంట ప్రశ్నలే అడిగారు. పుట్టాక మొదటి నల్లదొడ్డి ఎప్పుడు వచ్చింది, ఇప్పుడు ఎన్ని రోజులకోసారి, ఎంత లావు, ఏమి తింటాడు, పాలెన్ని, ఎప్పుడైనా కొట్టారా. ఆ చివరి ప్రశ్నకు మా ఆవిడ నా వైపు చూసింది. తర్వాత వాణ్ణి పడుకోబెట్టి, నా వేళ్ళు పట్టుకుని పొట్ట ఎడమవైపు కింద పెట్టించారు. గట్టిగా ముద్దలా తగిలింది.

నేను మోటార్ల పనివాణ్ణని తెలిసి నా భాషలోనే చెప్పారు. పైపులో పెద్ద గడ్డ అడ్డం పడితే నీళ్ళు దాని పక్కల నుంచి కారతాయి కదా, నిక్కరులో పడేది అదే, అవి విరేచనాలు కావు. గడ్డ రోజుల తరబడి అక్కడే ఉంటే పేగు చివరి భాగం సాగిపోయి, నిండిందన్న కబురు కూడా వాడికి సరిగా తెలియదు. నొప్పికి భయపడి బిగబట్టుకుంటాడు, బిగబట్టుకున్న కొద్దీ గట్టిపడుతుంది, వచ్చినప్పుడు ఇంకా నొప్పి పెడుతుంది. "ముందు నొప్పి లేకుండా చేద్దాం, కూర్చోవడం తర్వాత నేర్పుదాం. అంతవరకు అడిగితే డైపర్ వేయండి, పోట్లాడవద్దు" అన్నారు. డైపర్ వేయమని డాక్టరు చెప్పడం నాకు విచిత్రంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే మా ఇంట్లో యుద్ధం ఆగింది ఆ మాటతోనే.

నీళ్ళలో కలిపి తాగించే పొడి ఇచ్చారు. పాలీఇథిలీన్ గ్లైకాల్ అంటారట. అది పేగులో నీటిని పట్టి ఉంచి దొడ్డిని మెత్తగా చేస్తుంది. మొదట పేరుకున్నది బయటికి పోయేలా ఎక్కువ మోతాదు, తర్వాత రోజూ తక్కువ మోతాదు. ఎంతన్నది బిడ్డ బరువును బట్టి డాక్టరే చెప్పాలి, నన్ను అడగవద్దు. అందరూ చేసే పొరపాటు నేనూ చేశాను: వారానికే సాఫీగా వస్తోందని, అలవాటు పడతాడేమోనని పొడి ఆపేశాను. పది రోజుల్లో కథ మళ్ళీ మొదటికి వచ్చింది. సాధారణంగా కనీసం రెండు నెలలు వాడాలి, లక్షణాలన్నీ పోయాక కూడా ఒక నెల చూసి మెల్లగా తగ్గించాలి అని డాక్టరమ్మ అప్పుడు కాస్త గట్టిగానే చెప్పారు. మాకు నాలుగు నెలలు పట్టింది.

పాలు అర లీటరుకు తగ్గించాం. మూడు రోజులు ఇల్లు పీకి పందిరేశాడు, నాలుగో రోజు ఆకలికి రొట్టె అడిగాడు. పుంటికూర పప్పు, జామపండు, బొప్పాయి, నీళ్ళు. సీతాఫలాల రోజుల్లో హైవే మీద బాలానగర్ దగ్గర ఆగితే గంపల్లో అమ్ముతుంటారు చూడండి, అవి వాడికి ప్రాణం. గింజలు మింగకుండా చూసుకోవడమే పని.

నెల తర్వాతే కుర్చీ. బజారులో 220 రూపాయలకు, పిల్లలు దొడ్డికి కూర్చునే ప్లాస్టిక్ పాటీ కుర్చీ కొని బాత్రూములో కాకుండా షాపులో నా బల్ల పక్కన పెట్టాను. మొదట్లో నిక్కరుతోనే కూర్చునేవాడు, వైరు ముక్కలతో ఆడుకునేవాడు. తర్వాత పొద్దున, రాత్రి తిన్న పావుగంటకు అయిదు నిమిషాలు, వచ్చినా రాకపోయినా. తిండి పడగానే పేగు కదలడం సహజం, మా అమ్మ పాలు తాగించగానే కాళ్ళ మీద వేసుకోవడంలో ఉన్న మర్మం అదేనని డాక్టరమ్మ అంటే మా అమ్మ వారం రోజులు గర్వంగా తిరిగింది. పాదాలు నేలకు ఆనాలి, అది ముఖ్యం. కాళ్ళు వేలాడితే బలం చాలదు. మీ ఇంట్లో ఎత్తు కమోడ్ అయితే కాళ్ళ కింద పీట వేయండి. మూడో వారంలో ఒక సాయంత్రం, కస్టమరు ముందే, పని జరిగిపోయింది. ఆయన చప్పట్లు కొట్టాడు, ఇంకేం కావాలి.

వయసు గురించి ఒక మాట. అమెరికాలో బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు, తొందరపెట్టకుండా బిడ్డ సిద్ధపడ్డాకే నేర్పిన 1,170 మంది పిల్లల వివరాలు 1962లో ప్రచురించాడు. పగటిపూట అలవాటు కుదిరిన సగటు వయసు రెండేళ్ళ నాలుగు నెలలు దాటింది. తర్వాత ఆయనే ఒక డైపర్ కంపెనీ ప్రకటనల్లో కనబడ్డాడు, అదీ గుర్తుంచుకోవలసిందే. నా వరకు మా అమ్మ పద్ధతికీ ఆయన పద్ధతికీ గొడవ లేదు. రెంటిలోనూ బిడ్డ ముఖం చూసేవాళ్ళు ఒకరు ఉండాలి. మా చిన్నవాడికి లేనిది అదే, వాడి ముఖం చూడవలసిన పని డైపరుకు అప్పజెప్పాం.

పిల్లల డాక్టర్లతో నాకున్న ఫిర్యాదు కూడా చెప్పనివ్వండి. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టరు టీకా, తట్టు-రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా రెండో డోసు వేయించడానికి ప్రతి తల్లీ వస్తుంది. బరువు చూస్తారు, సూది వేస్తారు, జ్వరం మందు చెబుతారు. దొడ్డి మెత్తగా వస్తోందా, రెండు గంటలు తడపకుండా ఉంటున్నాడా, నిక్కరు తనే దించుకోగలడా అని అప్పుడే అడిగి, తొందర పడవద్దు, కొట్టవద్దు అని ఒక్క మాట చెబితే మాలాంటి వాళ్ళకు ఏడాది మిగిలేది.

మీరు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు బాబు తలుపు చాటున నిలబడినప్పటి వీడియో ఫోనులో తీసుకెళ్ళండి. మా డాక్టరమ్మకు మా మాటల కన్నా మావాడి అర నిమిషం వీడియోయే ఎక్కువ చెప్పింది. వారం రోజులు ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చిందన్నది కాగితం మీద రాసుకోండి. పుట్టిన రెండు రోజులు దాటాక గానీ నల్లదొడ్డి రాకపోయినా, పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా, రక్తం మళ్ళీ మళ్ళీ పడుతున్నా, బరువు పెరగకపోయినా, కాళ్ళలో బలం లేకపోయినా, మూత్రం పోసేటప్పుడు మంటతో జ్వరం వస్తున్నా ఆగకుండా చూపించండి. రాత్రి పక్క తడపడం వేరే సంగతి, దాన్ని దీనితో కలపవద్దు. అయిదేళ్ళ పిల్లల్లో నూటికి పదిహేను మంది దాకా ఇంకా తడుపుతూనే ఉంటారు, ఆ వయసులోపు దానికి మందు అక్కరలేదు.

మీ అత్తగారితో వాదించవద్దు, ఆమెకు పని అప్పజెప్పండి. తిన్నాక ఆ అయిదు నిమిషాలు కుర్చీ పక్కన కూర్చుని కథ చెప్పమనండి. డాక్టరు చెప్పారని చెప్పండి, మీరు చెప్పినట్టు కాదు.

బడి విషయం: జూన్‌కు కుదరకపోతే వైద్యం జరుగుతోందని డాక్టరు చేత రెండు వాక్యాలు రాయించుకుని చూపించండి. మావాణ్ణి అలాగే చేర్చుకున్నారు. సంచిలో రెండు నిక్కర్లు, ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి పంపేవాళ్ళం. మొదటి నెలలో మూడుసార్లు ఆ కవరు బరువుగా ఇంటికి వచ్చింది. దసరా నాటికి అందులో సీతాఫలం గింజలు ఏరుకుని తేవడం మొదలుపెట్టాడు.