ట్రివియల్ అంటే పట్టించుకోనక్కర్లేదనా?

క్లాసులో సార్ లెక్క మధ్యలో ‘ఇది ట్రివియల్’ అని దాటేస్తున్నారని, ఆటల గురించి చదివినా అదే మాట కనిపిస్తోందని, అలాంటివాటిని వదిలేయొచ్చా అని అడిగారు. నేను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. నన్నడిగితే వదలకూడదు, ముందు చూడాల్సింది దాన్నే. ట్రివియల్ అంటే చూడగానే తేలిపోయేది. ఆ జవాబు ఏదో తెలిస్తేనే అసలు అడుగుతున్నదేమిటో తెలుస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు సంఖ్యలు కలిపితే సున్నా. మొదటిదానికి రెండు రెట్లు, రెండోదానికి కొన్ని రెట్లు తీసుకుని కలిపినా సున్నాయే. రెండూ సున్నాలైతే ఆ ‘కొన్ని’ ఎంతైనా ఫరవాలేదు. పిల్లలు అంతవరకు రాసి పెన్ను కింద పెట్టేస్తారు. ఇంకో జవాబు రావాలంటే అది ఎన్ని రెట్లు కావాలి అని అడిగితే అప్పుడు లెక్క మొదలవుతుంది. సరిగ్గా 2 అయితేనే 1, −1 లాంటి జవాబులు వస్తాయి.

ఫిజిక్స్‌లోనూ ఇంతే. రెండు చివరలా బిగించిన వీణ తీగ అసలు కదలకపోవడం కూడా సమీకరణానికి జవాబే. కదలాలంటే మాత్రం కొన్ని పౌనఃపున్యాలే కుదురుతాయి. క్వాంటమ్ మెకానిక్స్‌లో పెట్టెలో బంధించిన కణం లెక్క ఒకటుంది, అందులో సున్నా జవాబు వస్తే ఆ పెట్టెలో కణమే లేదని అర్థం. దాన్ని తీసేశాకే విడివిడి శక్తి స్థాయిలు బయటపడతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణకు మన ఊరితో చుట్టరికం ఉంది. 1940లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యులుగా పనిచేసిన టి. విజయరాఘవన్ పేరు, ఫ్రెంచ్ గణితవేత్త పీసో పేరు కలిపి ఒక రకం సంఖ్యలకు పెట్టారు. అలాంటి సంఖ్యను దానితోనే గుణించుకుంటూ పోతే ఫలితాలు పూర్ణసంఖ్యలకు అంతకంతకూ దగ్గరవుతాయి. 2, 3 లాంటివి ఎలాగూ పూర్ణసంఖ్యలే, అందులో చూడ్డానికేముంది? సరే, వాటిని పక్కన పెట్టండి. పూర్ణసంఖ్య కానిదేదైనా అలా చేస్తుందా? 5 వర్గమూలానికి 1 కలిపి సగం చేస్తే వచ్చే స్వర్ణ నిష్పత్తి, అంటే 1.618 చిల్లర, చేస్తుంది. దాని పదో ఘాతం సుమారు 122.992, ఇరవయ్యోది 15126.99993. కాలిక్యులేటర్‌లో వేసి చూడండి, ఒళ్లు పులకరిస్తుంది! కారణం దాని జంట సంఖ్య, −0.618 చిల్లర. రెండింటి ఒకే ఘాతాలను కూడితే ఎప్పుడూ పూర్ణసంఖ్యే వస్తుంది, జంట వాటా మాత్రం కరిగి సున్నాకి చేరిపోతూ ఉంటుంది.

ఇక ఆటలు. ఆదివారం సాయంత్రాలు ట్యూషన్ పిల్లలతో ఆర్కే బీచ్‌కి వెళ్తే పల్లీలతో నిమ్ ఆడిస్తాను. కాగితం మీద కుప్పలు పెడతాం. తన వంతు వచ్చినప్పుడు ఏదో ఒక కుప్పలోంచే ఎన్నైనా తీయొచ్చు, ఆఖరి పల్లీ తీసినవాళ్లది గెలుపు. రెండు సమాన కుప్పలైతే, అవతలివాళ్లు ఒకదాంట్లో తీసినన్ని రెండోదాంట్లోంచి తీస్తూ పోతే చాలు. పిల్లలు ఇది ఇట్టే పట్టేసి ‘బోర్ సార్’ అంటారు. అప్పుడు 3, 4, 5 కుప్పలు పెడతాను. కబుర్లు ఆగిపోతాయి, ఎవరూ పల్లీల మీద చెయ్యి వెయ్యరు.

దీనికి 1901లో చార్లెస్ బౌటన్ అనే గణితవేత్త దారి చూపాడు. కుప్పల్ని 4, 2, 1 ముక్కలుగా విడగొట్టి, ప్రతి రకం ముక్కా సరిసంఖ్యలో మిగిలేలా తీయాలి. 3 అంటే 2, 1. 5 అంటే 4, 1. అంటే 4లు రెండు, 1లు రెండు, 2 మాత్రం ఒంటరి. కాబట్టి మూడు పల్లీల కుప్పలోంచి రెండు తీసినవాళ్లకు ఇక ఓటమి లేదు. గమనించారా, ఇక్కడా జరిగింది జంటలు కట్టడమే. బోర్ అన్న ఆటలోనే తాళంచెవి ఉంది.

అందుకే సార్ ఆ మాట అన్నప్పుడల్లా ఆ జవాబును నోట్సులో ఒక వరుసలో రాసుకుని, దాని కింద ‘ఇది కాక ఇంకేముంది?’ అని రాసుకోండి. ప్రధాన సంఖ్యలతో ముడిపడ్డ రీమాన్ జీటా ఫంక్షన్ విలువ −2, −4, −6 అలా వరసగా సున్నా అవుతుంది, ఆ సున్నాలనూ ట్రివియల్ అనే అంటారు. మిగతా సున్నాలన్నీ ఒకే గీత మీద ఉన్నాయా అన్నది 1859 నుంచి ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు.