హావర్త్ ఊరి నీళ్లు

ప్రశ్న: సార్, నేను ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నాను. ‘జేన్ ఐర్’, ‘వుదరింగ్ హైట్స్’ లాంటి నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్లు షార్లట్, ఎమిలీ, ఆన్ ముగ్గురూ 40 నిండకుండానే పోయారు. ఇంగ్లండులో వాళ్లు పెరిగిన హావర్త్ అనే ఊళ్లో కొండగాలి పడక అలా అయిందని మా క్లాసులో ఒకరన్నారు. మీరు ఆ ఊరు చూశానని రాశారు కదా, అక్కడి గాలి అంత చెడ్డదా?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: గాలిని ఏమీ అనకండమ్మా. మా అమ్మాయి లీడ్స్‌లో ఉండబట్టి ఆ ఊరికి రెండుసార్లు వెళ్లాను. చలికి చెవులు జివ్వుమన్నాయి గానీ అంత శుభ్రమైన గాలి నేను ఎక్కువ చోట్ల పీల్చలేదు.

ముప్ఫయ్యేళ్లు మంచినీళ్ల పథకాల మీద పనిచేసినవాణ్ణి. ఏ ఊరు వెళ్లినా నీళ్లెక్కడివి, మురుగు ఎటు పోతోంది అనే ముందు చూస్తాను. హావర్త్ యార్క్‌షైర్‌లో, పెన్నైన్ కొండల వాలు మీద ఉంది. రాళ్లు పరిచిన మెయిన్ స్ట్రీట్ ఎక్కుతుంటే మోకాళ్లు పట్టేస్తాయి. పైన చర్చి, దాన్ని ఆనుకుని సమాధుల తోట, ఆ పక్కనే పాస్టరుగారి ఇల్లు. ఆ ఇంటి వెనక నుంచే మూర్ మొదలు. చెట్టూ చేమా లేని ఎత్తు బీడది. హెదర్ తుప్పలు, వాటి కింద అడుగేస్తే మెత్తగా దిగబడే నల్లనేల. ఆగస్టులో కొండంతా ఊదారంగే.

ఆ వాలు చూసి నా గుండె గుభేలుమంది. సమాధుల తోట ఎగువన, ఊరు దిగువన! అక్కడి ఊట దిగేది ఊరి బావుల వైపే కదా.

ఇది నాకొక్కడికే తట్టిన సంగతి కాదు. బ్రాంటీల తండ్రి ప్యాట్రిక్ 1820 నుంచి అక్కడ పాస్టరు. ఊళ్లో పిల్లల్ని పూడ్చి పూడ్చి విసిగిపోయి, 1849లో ఊరివాళ్లతో సంతకాలు పెట్టించి లండన్‌లోని ఆరోగ్య బోర్డుకు అర్జీ పంపాడు. 1850లో బెంజమిన్ హెర్షెల్ బాబేజ్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు (కంప్యూటరు పితామహుడంటారే, ఆ బాబేజ్ కొడుకే). ఆయన రిపోర్టు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరంతటికీ 69 మరుగుదొడ్లు. వాటిలో కొన్ని నడివీధి పక్కనే. ఎండాకాలంలో ఒక బావి నీళ్లు పచ్చబడి కంపు కొట్టేవి, పశువులు మూతి పెట్టి వెనక్కి తిరిగేవి. సోమవారం బట్టలుతకడానికి నీళ్లు పట్టుకోవాలని ఆడవాళ్లు తెల్లవారుజామున రెండు మూడింటికే వెళ్లేవాళ్లు. పదేళ్లలో ఆ చిన్న తోటలో 1,300 మందికి పైగా పూడ్చారు. పైన బల్లపరుపు రాళ్లు కప్పేయడంతో గడ్డి కూడా మొలిచేది కాదు. ఇక ఉన్ని దువ్వేవాళ్ల ఇళ్లు! దువ్వెనలు వేడిగా ఉండాలని రాత్రింబవళ్లు పొయ్యి మండించి, కిటికీలు మూసుకుని, ఆ గదిలోనే పడుకునేవాళ్లు.

నూటికి 41 మంది పిల్లలు ఆరేళ్లు నిండకుండానే పోయేవారు. చనిపోయినవాళ్ల సగటు వయసు 25.8 ఏళ్లు.

ఆ అంకె చూశాక ఊరుకోలేక బ్రాంటీ పిల్లల వయసులు కాగితం మీద వేశాను. మరియా 11, ఎలిజబెత్ 10, బ్రాన్‌వెల్ 31, ఎమిలీ 30, ఆన్ 29, షార్లట్ 38. కూడితే 149, ఆరుతో భాగిస్తే దాదాపు 25! మనం ఆ ఇంటి కోసమే ఏడుస్తాం గానీ, ఆ వీధిలో ఏ తలుపు తట్టినా ఇదే లెక్క. నీళ్లే వాళ్లను చంపాయని నేననను. ఎమిలీనీ ఆన్‌నూ తీసుకెళ్లింది క్షయ. పెద్దపిల్లలిద్దరికీ జబ్బు చేసింది హాస్టల్లో. కానీ ఆ కొండగాలి మీద మాత్రం నింద వెయ్యకండి.

రిపోర్టు వచ్చినంత మాత్రాన నీళ్లు రాలేదు. పన్ను పడుతుందని ఆస్తిపరులు అడ్డుపడ్డారు, ప్యాట్రిక్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి రిజర్వాయరు 1858లో పూర్తయింది. అప్పటికి ఆయన ఆరుగురు పిల్లలూ పోయారు. ఆయన మాత్రం 84 ఏళ్లు బతికి 1861లో కన్నుమూశాడు. నాకు ఆ ఇంట్లో అందరికంటే గౌరవం ఆ ముసలాయన మీదే.

ప్రశ్న: లండన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. హావర్త్ చూడాలంటే ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: లీడ్స్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ కీత్లీ రైలు ఎక్కండి. కీత్లీ నుంచి హావర్త్‌కు బొగ్గు ఇంజిన్ రైలుంది. 1867లో వేసిన లైను. 1962లో మూసేస్తే, ఆ చుట్టుపక్కలవాళ్లే పూనుకుని 1968లో మళ్లీ నడిపించారు. ఏయే రోజుల్లో తిరుగుతుందో ముందే చూసుకోండి. పాస్టరుగారి ఇల్లు 1928 నుంచి మ్యూజియం. మూర్ మీద టాప్ విదెన్స్ అనే కప్పులేని రాతి ఇల్లుంది, ఎమిలీ ‘వుదరింగ్ హైట్స్’ నవలలోని ఇంటికి అదే మూలమంటారు. అక్కడిదాకా నడవాలంటే మంచి బూట్లు, వానకోటు ఉండాలి. దారి పలకల మీద జపనీస్ అక్షరాలు కూడా కనిపిస్తాయి. సమాధుల తోటలో పెద్ద పెద్ద చెట్లుంటాయి. నేలలో తేమ లాగడానికని 1864లో నాటినవి అవి. వాటి కింద కాసేపు నిలబడి, ఊరు ఎటు వాలి ఉందో ఒక్కసారి చూడండి.