వెండి ఉంగరం చెప్పదు, అడుగు తవ్వి చూడండి

ప్రశ్న: తొలకరి వానలకి మా జీడితోట గట్టు మీద తెల్లగా కొక్కులు (పుట్టగొడుగులు) లేచాయి. వెల్లుల్లి రెబ్బలు, వెండి ఉంగరం వేసి ఉడికిస్తే నల్లబడకపోతే మంచివే అంటారు మా అత్తగారు. పురుగు కొట్టినవైతే భయం లేదంటారు మా ఆయన. చిన్నపిల్లలున్న ఇల్లు, నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చూసి నమ్మాలి?
– ఒక పాఠకురాలు, మందస మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. ఆ రెండు పరీక్షలనూ ఈ రోజే వదిలేయండి. ప్రాణం తీసే పుట్టగొడుగుల విషం వెండిని ఏమీ చేయదు. పైగా వెల్లుల్లిలో ఉండే గంధకానికి మంచి కొక్కుల కూరలో కూడా ఉంగరం నల్లబడొచ్చు. ఇక పురుగులు, నత్తలు అంటారా, మనిషిని చంపే గొడుగుల్ని కూడా అవి సుబ్బరంగా తింటాయి. వాటి ఒళ్లు వేరు, మన కాలేయం వేరు.

అలాగని మీ అత్తగారి మాట తీసిపారేయకండి. ఆమె చిన్నప్పటి నుంచి ఏరుతున్నవి చెదపుట్ట మీద లేచేవే అయితే, ఆమెకు తెలిసింది చిన్న విషయం కాదు. చెదపురుగులు నేల లోపల నమిలిన కర్రతో గూడు కట్టి, దాని మీద ఈ కొక్కుల బూజును సాగు చేస్తాయి. వానకు అక్కడి నుంచే గొడుగు పైకి తన్నుకొస్తుంది. అందుకే దాని కాడ కింద వేరులాంటి పొడుగాటి తోక ఉంటుంది. గట్టిగా లాగితే పుటుక్కున తెగిపోతుంది. పక్క నుంచి గునపంతో మట్టి తీస్తూ పోవాలి, కొన్నిసార్లు మూరెడు లోతుకు వెళ్తుంది. గొడుగు నడినెత్తిన గట్టి మొన ఉంటుంది, వేలితో నొక్కితే తెలుస్తుంది. కాడ అడుగున సంచి మాత్రం ఉండదు.

పాలకొండ వైపు బోటనీ చెప్పిన రోజుల్లో, పిల్లలు సీతంపేట కొండల నుంచి కొక్కులు తెచ్చి పేరడిగేవారు. దాదాపు అన్నీ నేల మట్టానికి కోసినవే. అసలు సంగతి చెప్పే అడుగు భాగం మట్టిలోనే ఉండిపోయేది. అమానిటా జాతిలో కొన్ని ప్రాణాంతకం. వాటి కాడ మొదట్లో తెల్లని సంచి ఉంటుంది, సగం మట్టిలో కూరుకుపోయి. పైన కాడకు పల్చటి ఉంగరంలాంటి పొర, కింద సంచి, తల అడుగున ఉండే రేకులు తెలుపు: ఈ మూడూ కలిసి కనిపిస్తే చెయ్యి కడుక్కుని వచ్చేయండి.

పశువులు మేసే పచ్చికలో, ఆటస్థలాల్లో వలయంగా లేచే పెద్ద తెల్ల గొడుగు ఇంకొకటి ఉంది. తల మీద గోధుమరంగు పొలుసులుంటాయి. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉండి మోసం చేస్తాయి, ముదిరాక ఆకుపచ్చగా మారతాయి. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు. దీన్ని పట్టుకోవడానికి ఒక పని చేయండి. కాడ కోసేసి, తలను రేకులు కిందికి ఉండేలా కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. కాగితం సగం తెల్లది, సగం నల్లది అయితే ఏ రంగు పొడి రాలినా కనబడుతుంది. దీనికి ఆకుపచ్చ పొడి రాలుతుంది. అమానిటాకు తెల్లటిది. పుట్ట మీద లేచేదానికి లేత గులాబీ. అయితే గులాబీ రాలిందని వండేయకండి, విషపు గొడుగుల్లో కూడా గులాబీ పొడివి ఉన్నాయి. పుట్ట, తోక, మొన, పొడి అన్నీ కుదరాలి. కుదిరినా, ఆ గట్టు మీదివే ఏళ్ల తరబడి తిన్న పెద్దవాళ్లు చూసి ఇవే అనాలి. ఒక్కటి తేడా వచ్చినా కూర మానేయండి.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఉడికించినా, ఎండబెట్టినా అమానిటా విషం పోదు. తిన్న వెంటనే ఏమీ తెలియదు. ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి మర్నాటికి, వాంతులు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్టే ఉంటుంది. ఆ ఒకటి రెండు రోజుల్లోనే లోపల కాలేయం దెబ్బతింటుంది. ఆలస్యంగా వాంతులు మొదలైతే, తగ్గిపోయాయని ఇంట్లో ఉండిపోకండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, 108కి ఫోన్ చేయండి. ఆ కూరను తిన్న అందరినీ, బాగానే ఉన్నవాళ్లని కూడా, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా గడ్డికుప్ప అడుగున బూడిదరంగు గొడుగులు లేచాయి. కాడ మొదట్లో సంచి ఉంది. మా నాన్న తినేవే అంటున్నారు.
– ఒక రైతు, బొబ్బిలి

జవాబు: వరిగడ్డి పుట్టగొడుగుకు కూడా సంచి ఉంటుంది, కాడకు ఉంగరం ఉండదు. ముదిరితే రేకులు గులాబీ రంగుకు తిరుగుతాయి. మీ నాన్నగారు చెప్పింది నిజమే కావచ్చు. కానీ గుడ్డులా మూసుకుని ఉన్న దశలో దీన్నీ అమానిటానూ బయటి నుంచి చూసి విడదీయలేం. వరిగడ్డి పుట్టగొడుగు తినే అలవాటున్న ఆగ్నేయాసియా వాళ్లు అమెరికా వెళ్లి, అక్కడి అమానిటాను ఇదే అనుకుని తిని ప్రాణం మీదకు తెచ్చుకున్నారు. గుడ్డు దశలోవి ముట్టుకోకండి. విచ్చినవాటిలో కూడా గడ్డిలో నుంచే లేచాయా, పక్కనున్న మట్టిలో నుంచా అన్నది తవ్వి చూడండి. తినాలని అంత ఉంటే ఆ గడ్డి మీదే విత్తనం కొని పెంచుకోండి. ఇప్పటికే వండేశారంటే మాత్రం, పచ్చివి ఒకటి రెండు కవర్లో కాకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, అవసరమైతే డాక్టరుకు చూపించడానికి పనికొస్తాయి.