ప్లగ్ తీసేశాక కూడా షాక్ కొట్టింది... ఈసీజీ అవసరమా?

ప్రశ్న: నా వయసు 26. విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ బిగించాను. బటన్ నొక్కితే ఫ్యాన్లు ఒక్క సెకను తిరిగి ఆగిపోతున్నాయి. తెర మీద ఏమీ రావడం లేదు. కేస్ రేకును తాకితే వేలికి జుమ్మంటోంది. లోపం ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) ఉందేమోనని నిన్న రాత్రి ప్లగ్ పీకేసి, వెంటనే దాని మూత విప్పాను. లోపల వేళ్లు తగలగానే గట్టిగా షాక్ కొట్టి, చెయ్యి వెనక్కి విసిరేసినట్టయింది. కుడి చూపుడు వేలి మీద, బొటనవేలి మీద చెరో తెల్లటి మచ్చ పడింది. నొప్పి లేదు. అప్పటి నుంచి గుండె దడగా ఉంది. భుజం పట్టేసింది. ఈసీజీ తీయించుకోవాలా? కరెంటే లేనప్పుడు షాక్ ఎలా కొట్టింది? ఇప్పుడు కంప్యూటర్ సంగతేమిటి?
- ఓ పాఠకుడు

జవాబు: తీయించుకోవాలి, అదీ ఈరోజే. షాక్ తర్వాత దడ తగ్గకుండా ఉంటే ఇంట్లో కూర్చుని ఆలోచించే పని పెట్టుకోవద్దు. అలాగని భయపడాల్సిన పరిస్థితి కూడా కనిపించడం లేదు. ఎందుకంటే మీరు రాసిన రెండు మచ్చలూ ఒకే చేతి మీద ఉన్నాయి. కరెంటు ఒక వేలి నుంచి ఎక్కి పక్క వేలి నుంచి దిగిపోయి ఉంటుంది. ఒక చేతి నుంచి రెండో చేతికో, చేతి నుంచి కాలికో పోయి ఉంటే మధ్యలో ఛాతీ ఉండేది, గుండెకు ముప్పు అప్పుడే ఎక్కువ. ఆస్పత్రిలో ఈ వివరం తప్పక చెప్పండి. షాక్ కొట్టిన క్షణంలో ఎడమ చెయ్యి దేన్నయినా పట్టుకుని ఉందా, చెమట పట్టి ఉందా, స్పృహ తప్పిందా అన్నవి కూడా చెప్పండి. డాక్టర్ నిర్ణయం వీటి మీదే ఆధారపడుతుంది.

స్పృహ తప్పకుండా, ఛాతీ నొప్పి లేకుండా, అంతకుముందు గుండె జబ్బు లేకుండా ఉండి ఈసీజీ మామూలుగా వస్తే, ఇళ్లలో వాడే వోల్టేజీ స్థాయి షాక్‌కు రోజుల తరబడి ఆస్పత్రిలో ఉంచాల్సిన పని సాధారణంగా ఉండదు. దడకు చాలాసార్లు భయం వల్ల ఊరిన అడ్రినలినే కారణం. పది నిమిషాలు కదలకుండా కూర్చుని, మణికట్టు దగ్గర నాడిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 100 లోపు ఉండి, కొట్టుకోవడం ఒకే తీరుగా ఉంటే ఊరట. అయినా ఈసీజీ మానొద్దు. నాడి లయ తప్పుతున్నా, ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా ఇది చదవడం ఆపి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. సొంతంగా బండి నడపొద్దు.

ఇక కరెంటు లేనప్పుడు షాక్ ఎలా అన్నది. ఎస్‌ఎంపీఎస్ ముందుగా 230 వోల్టుల ఏసీని డీసీగా మారుస్తుంది. అలా మారాక అది సుమారు 325 వోల్టులు అవుతుంది, పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే సర్క్యూట్ ఉన్న వాటిలో 380కి పైనే. ఆ కరెంటు బొటనవేలంత లావుండే కెపాసిటర్‌లో నిల్వ ఉంటుంది. 390 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 325 వోల్టులకు నిండితే అందులో 20 జౌళ్ల శక్తి ఉన్నట్టు. ప్లగ్ పీకితే కొత్త కరెంటు రావడం ఆగుతుంది గానీ అప్పటికే లోపల చేరింది పోదు. దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ కొన్నిటిలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు, ఉన్నా పాడై ఉండొచ్చు. అందుకే ఇన్ని నిమిషాలు ఆగితే చాలు అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) ఉన్నా ఈ షాక్‌ను ఆపలేదు, ఎందుకంటే ఈ కరెంటు గోడ నుంచి రాలేదు. ఒక్కటి మాత్రం మీకు కలిసొచ్చింది. కెపాసిటర్ క్షణాల్లో ఖాళీ అయిపోతుంది. మెయిన్స్ ఏసీ అయితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చెయ్యి వదలడానికి రాదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది ఆ తెల్లటి మచ్చలు. నొప్పి లేదని మీరు ధైర్యంగా ఉన్నట్టున్నారు. కాలిన చోట నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. పైచర్మం మాత్రమే కాలితే ఎర్రబడి మంట పుడుతుంది. తెల్లగా గట్టిపడి, సూది మొనతో తాకినా తెలియడం లేదంటే కాలిన లోతు నరాల కొసల దాకా వెళ్లిందని అర్థం. కరెంటు గాయం బయట మిరియం గింజంత ఉండి లోపల స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) దాకా పోవచ్చు. వేలి విషయంలో అలక్ష్యం చేస్తే తర్వాత అది సరిగా మడవడానికి రాదు. కాబట్టి సర్జన్‌కు గానీ, కాలిన గాయాలు చూసే డాక్టర్‌కు గానీ చూపించండి. అప్పటి వరకు సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, అంటుకోని పొడి డ్రెస్సింగ్ కట్టండి. టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి, ఐసు ఏవీ పెట్టొద్దు. (కాలిన వెంటనే అయితే 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. మూడు గంటలు దాటితే దానివల్ల పెద్దగా లాభం ఉండదు.) టెటనస్ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుచేసుకుని ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి.

చెయ్యి వాపు పెరుగుతున్నా, వేళ్లను చాపితే భరించలేని నొప్పి పుడుతున్నా, మొద్దుబారడం పైకి పాకుతున్నా ఆలస్యం చేయకూడదు. లోపల ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందని స్థితి అది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కండరం దెబ్బతిని దాని పదార్థం కిడ్నీల్లోకి వస్తోందని అర్థం. మీకు తగిలిన షాక్ తీరుకు ఈ రెండూ జరిగే అవకాశం తక్కువే, అయినా రెండు రోజులు గమనించండి.

భుజం సంగతి చిన్నదే అనిపించొచ్చు. మోచేతిని పక్కటెముకలకు ఆనించి మడిచి, ముంజేతిని బయటి వైపు తిప్పి చూడండి. తిప్పలేకపోతే భుజం కీలు వెనక్కి జారి ఉండొచ్చు. షాక్‌తో కండరాలు ఒక్కసారిగా బిగిసినప్పుడు ఇలా జరుగుతుంది. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో ఇది కనపడకుండా తప్పించుకుంటుంది కాబట్టి పక్క నుంచి కూడా తీయమని అడగండి. సులువుగా తిరిగితే అది కండరాల పట్టివేతే, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది.

కంప్యూటర్ జోలికి చేతి గాయం చూపించుకున్నాకే వెళ్లండి. వెళ్లినా, మూత విప్పిన ఆ ఎస్‌ఎంపీఎస్‌ను మళ్లీ ప్లగ్‌లో పెట్టొద్దు. దాన్ని మళ్లీ బిగించి వాడటం కంటే మార్చేయడమే మేలు. అసలు కొత్తగా బిగించిన యంత్రం లేవకపోతే లోపం ఆ డబ్బా లోపల ఉండటం అరుదు, ఉన్నా ఇంట్లో బాగుచేసేది కాదు. ఇంకో మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూస్తే తేలిపోతుంది. వైర్లు మాత్రం దానితో వచ్చినవే వాడాలి. పాత మాడ్యులర్ వైర్లు (డబ్బా నుంచి ఊడదీయగలిగేవి) కొత్తదానికి సరిగ్గా పట్టినా లోపలి పిన్నుల వరస వేరుగా ఉంటే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వచ్చి డిస్కులు, బోర్డు కాలిపోతాయి.

కేస్ రేకు జుమ్మనడానికి కారణం వేరు. కరెంటు గోలను వడకట్టడానికి ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు రెండు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ స్వల్ప కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే కేస్ మీద దాదాపు 115 వోల్టులు నిలుస్తాయి. అందులో పారే కరెంటు చాలా తక్కువ కనుక దానికదిగా ప్రాణం తీయదు. కానీ లోపల ఏ వైరు తోలు ఊడినా మొత్తం 230 వోల్టులు రేకు మీదికొచ్చేస్తాయి, అప్పుడు ఆర్‌సీసీబీ కూడా లేకపోతే కాపాడటానికి ఏమీ ఉండదు. మూడో పిన్ను లేని అడాప్టర్ వాడుతుంటే ఈరోజే తీసేయండి. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ పరీక్ష చేయించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య సుమారు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుంటే పెట్టించండి.

ఫ్యాన్లు సెకను తిరిగి ఆగిపోవడం ఎక్కువగా షార్ట్‌ను సూచిస్తుంది. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, ఉంగరాలు, కడియం, వాచీ పక్కన పెట్టి మొదలుపెట్టండి. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ ఉంగరం రెండు కొసలకు తగిలి షార్ట్ అయితే క్షణంలో ఎర్రగా కాలి వేలి చుట్టూ గాయం చేస్తుంది.

మదర్‌బోర్డును కేస్ లోంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, దాని కూలర్, ఒకే ఒక్క ర్యామ్ ఉంచండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, అంటే ఏ2, సరైన స్లాట్. ర్యామ్ రెండు పక్కలా టక్కుమని పడాలి. 24 పిన్నుల వైరు, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల వైరు కొక్కెం పట్టేదాకా నొక్కండి. ఈ రెండోదాన్ని మరచిపోయేవాళ్లు చాలామంది. గ్రాఫిక్స్ కార్డు వైరు కూడా 8 పిన్నులదే గనుక దాన్ని అక్కడ బలవంతంగా తోసేవాళ్లూ ఉన్నారు. తర్వాత మార్చిన ఎస్‌ఎంపీఎస్‌కు ప్లగ్ పెట్టి, పవర్ స్విచ్ వైరు తగిలించే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. అక్కడ 5 వోల్టులకు మించి ఉండదు.

ఇలా నిలకడగా నడిస్తే తప్పు కేస్‌దే. బోర్డు రంధ్రం లేని చోట ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాలు) మిగిలిపోయి వెనక టంకాలకు తగులుతోందేమో చూడండి. జారిపడిన స్క్రూ ఉందేమో వెతకండి. కేస్ బటన్ లోపలికే ఇరుక్కుపోయినా నాలుగు సెకన్లకోసారి ఆగుతుంది. బయట కూడా వెంటనే ఆగిపోతుంటే ప్రాసెసర్ తీసి సాకెట్‌లో వంగిన పిన్నుల కోసం టార్చి వేసి చూడండి. వేళ్లతో సరిచేయొద్దు.

ఆగిపోయాక తనంతట తానే మళ్లీ మొదలవుతోందా అన్నది గమనించండి. డీడీఆర్5 (కొత్త తరం) ర్యామ్ అయితే మొదటిసారి బోర్డు దాన్ని సరిచూసుకోవడానికి ఒకటి రెండుసార్లు ఆగి మొదలై, కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉంచుతుంది. పది నిమిషాలు వేచి చూడండి. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే చిన్న దీపాలు ఉంటే, ఏది వెలుగుతూ నిలిచిపోతే లోపం అక్కడుంది. సీపీయూ దీపమే నిలిచిపోయి, ప్రాసెసర్ బోర్డు కంటే కొత్త తరానిదైతే బయోస్ (బోర్డును మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కావాల్సి ఉంటుంది.

కుడి చేతి డ్రెస్సింగ్ తీసేదాకా ఈ పని స్నేహితుడెవరికైనా అప్పజెప్పి మీరు పక్కన ఉండి చెప్పండి. కట్టు కట్టిన వేలితో స్క్రూలు పట్టుకుంటే అవి బోర్డు మీద జారిపడతాయి, గాయమూ మళ్లీ రేగుతుంది. ప్లగ్ పెట్టే ముందు మెయిన్ స్విచ్ ఎక్కడుందో అతనికి చూపించండి. ఎవరికైనా కరెంటు పట్టుకుంటే ముందు ఆపాల్సింది అదే, మనిషిని ముట్టుకోవడం ఆ తర్వాతే. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్‌ను పిలిచి, ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, సాయం అందేదాకా నొక్కుతూనే ఉండాలి.