టెక్ సందేహాలు: అల్లుడిగారి వాచీ, అమెరికా కుక్కర్

పండగ సేల్స్ అయిపోయాక వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం తగ్గింపు ధరల గురించి కావు. కొనేసిన వస్తువు తీసుకునేవాళ్లకు పనికొస్తుందా అన్న దిగులుతో రాసినవే. ఈ వారం వాటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: దసరా సేల్‌లో రేటు బాగా తగ్గిందని కొత్త అల్లుడికి ఆపిల్ వాచ్ కొన్నాం. సంక్రాంతికి ఇద్దామని సీల్ తీయకుండా బీరువాలో దాచాం. ఆయనది శాంసంగ్ ఫోన్ అని ఇప్పుడు తెలిసింది. ఏదైనా యాప్ వేసి రెండూ కలపొచ్చా? – తణుకు పాఠకురాలు

జవాబు: కలవవండీ. ఆపిల్ వాచ్‌ను సెటప్ చేయాలంటే ఐఫోన్ ఉండాల్సిందే, శాంసంగ్ లాంటి ఆండ్రాయిడ్ ఫోన్‌తో అది జత కాదు. కలిపిపెడతామని చెప్పే యాప్‌లకు డబ్బు కట్టకండి. ఇంట్లో వేరేవాళ్ల ఐఫోన్‌తో సెటప్ చేయించినా, అల్లుడిగారి శాంసంగ్‌కు వచ్చే కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు ఆ వాచీలో కనిపించవు. వేలు పోసి కొన్న బహుమతిని మొహమాటానికి చేతికి పెట్టుకుని తిరగాల్సి వస్తుంది.

సీల్ తీయకపోవడం మంచిదే, కానీ వాపసుకు అదొక్కటే సరిపోదు. ఆన్‌లైన్‌లో ఎలక్ట్రానిక్స్‌కు వాపసు గడువు సాధారణంగా కొద్ది రోజులే. పైగా చాలావాటికి లోపం ఉంటే మార్చి ఇవ్వడమే తప్ప డబ్బు వెనక్కి ఇవ్వరు. దసరాకు కొన్నారు కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. మీ అమ్మాయి ఐఫోన్ వాడుతుంటే వాచీ ఆమెకే ఇవ్వండి, పండగకు ఆడపిల్లకూ కానుక ఇచ్చినట్టవుతుంది. అల్లుడిగారికి ఆయన ఫోన్‌కు సరిపోయేది విడిగా తీసుకోండి. ఇలాంటి తిరకాసే అటువైపూ ఉంది: శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4, ఆ తర్వాత వచ్చిన మోడళ్లు ఐఫోన్‌తో పనిచేయవు. ఎదుటివాళ్లది ఏ ఫోనో తెలియకపోతే గార్మిన్, అమేజ్‌ఫిట్ లాంటి వాచీలు ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండింటితోనూ కలుస్తాయి.

మరో మాట. ధర కనిపించకూడదని చాలామంది బిల్లు తీసి దాచేస్తారు. రేపు వారంటీకి వెళ్తే మొదట అడిగేది బిల్లే. పండగ హడావిడి తగ్గాక దాన్ని అమ్మాయి ఫోన్‌కు పంపేయండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి బ్లాక్ ఫ్రైడే సేల్‌లో వాళ్ల నాన్నకు కొత్త ఐఫోన్, నాకు ఇన్‌స్టంట్ పాట్ కుక్కర్ కొన్నాడు. జనవరిలో తెస్తున్నాడు. ఇక్కడ పనిచేస్తాయా? – ఖమ్మం పాఠకురాలు

జవాబు: ముందు కుక్కర్ సంగతి, ఎందుకంటే అది ప్రమాదం. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి కుక్కర్‌ను ప్లగ్ మార్చేసి ఇక్కడ పెడితే కాలిపోతుంది. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని తగ్గించదు. తగ్గించాలంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ కుక్కర్ సుమారు 1000 వాట్లు లాగుతుంది కాబట్టి అంత లోడు మోసే ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ఖరీదూ రెండూ ఎక్కువే. అన్నం వండడానికి అంత యాతన వద్దమ్మా. అక్కడి చాలా స్టోర్లు పండగ కొనుగోళ్లకు వాపసు గడువును జనవరి దాకా పొడిగిస్తాయి, అబ్బాయిని ఇప్పుడే వెనక్కి ఇచ్చేయమనండి. ఫోన్, లాప్‌టాప్ చార్జర్లకు మాత్రం భయం లేదు. వాటి మీద ‘100–240 వోల్టులు’ అని ఉంటుంది.

ఇక ఫోన్. బ్లాక్ ఫ్రైడేకి మరీ చవగ్గా దొరికేవి చాలావరకు అక్కడి నెట్‌వర్క్ కంపెనీ వాయిదాల పథకంలోవి. బాకీ తీరేదాకా లాక్ వేసి ఉంచుతారు, మన సిమ్ తీసుకోదు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌లోకి వెళ్లి ‘క్యారియర్ లాక్’ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ (అంటే లాక్ లేదని) అని ఉందో లేదో విమానం ఎక్కేలోపు చూసుకోమనండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ పెట్టే గాడీ లేదు, ఈ-సిమ్ (ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తాయి. కాకపోతే ఫోన్ పాడైన రోజు సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకునే వీలుండదు. పెద్దాయనకు ఆ సంగతి ముందే చెప్పండి.

ప్రశ్న: నో కాస్ట్ ఈఎంఐలో ఫోన్ కొన్నాను. వడ్డీ లేదన్నారు, కార్డు బిల్లులో మాత్రం వడ్డీ, జీఎస్టీ కనిపిస్తున్నాయి. మోసపోయానా? – కర్నూలు పాఠకుడు

జవాబు: మోసం కాదు, దాని లెక్కే అంత. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో ముందే తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. వడ్డీ 1,300 రూపాయలైతే 234 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే పన్నుతో కలిపి మరో 235. బిల్లులో ఇంతకంటే ఎక్కువ పడితే, ఆర్డర్ వివరాల్లో ఈఎంఐ డిస్కౌంట్ నిజంగా తగ్గించారో లేదో చూడండి. తగ్గించకపోతే ముందు అమ్మినవాళ్లకు రాయండి, జవాబు రాకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.