కోర్సు పేరు చూసి అప్లై చేయకు

అమ్మడూ,

ఇంటర్‌కల్చరల్ కమ్యూనికేషన్ కోర్సుకి, అంటే వేర్వేరు సంస్కృతుల మనుషుల మధ్య మాట ఎలా సాగుతుందో చదివే కోర్సుకి, నువ్వు రాసిన ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం) చదివాను. ఇంగ్లిష్ బాగుంది. కానీ "ప్రపంచం కుగ్రామమైపోయింది" అని మొదలుపెట్టావే, అది తీసెయ్. అడ్మిషన్ కమిటీ వాళ్లకి ఆ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. కొత్త సంస్కృతులంటే నీకిష్టమన్నదీ అంతే. ఎవరికిష్టం ఉండదు? ఎవరెవరి మధ్య మాట ఎక్కడ తెగుతోంది, దాన్ని నువ్వెందుకు పట్టుకున్నావు, అది రాయి.

అలాంటి సంగతి నీ దగ్గరే ఉంది. డాలస్‌లో మీ అమ్మమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు చెప్పినదాంట్లో సగం మీ అక్క తెలుగులో చెప్పకుండా మింగేసిందని, ఆవిడ భయపడుతుందని అలా చేసిందని ఫోన్‌లో చెప్పావు గుర్తుందా? అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లిష్ రాని రోగికి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. అక్కడి ఆరోగ్య చట్టం, అఫర్డబుల్ కేర్ యాక్ట్, 1557వ సెక్షన్ కింద అది నియమం. అయినా మనవాళ్లు కూతురినో మనవరాలినో ముందుకు తోస్తారు. ఎందుకు? జబ్బు సంగతి ముందు వినాల్సింది రోగా, ఇంట్లోవాళ్లా? డాక్టరు ఒకలా అనుకుంటాడు, మనం ఇంకోలా. ఇదే నీ పరిశోధన ప్రశ్న. దీంతో మొదలుపెట్టు.

ఇక సిద్ధాంతాలు. ఈ శాస్త్రం పుట్టిందే అవసరం కోసం. 1950ల మొదట్లో ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త వాషింగ్టన్‌లో విదేశాలకు వెళ్లే అమెరికన్ ఉద్యోగులకు పాఠాలు చెప్పాడు. 1959లో వచ్చిన ఆయన పుస్తకాన్ని ఇప్పటికీ చదివిస్తారు. హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు ఐబీఎం కంపెనీ ఉద్యోగుల సర్వేలు పట్టుకుని ఒక్కో దేశం సంస్కృతికి మార్కులు వేశాడు. ఆ లెక్కలో ఆదిలాబాద్ గోండు రైతుకీ బెంగళూరు ఇంజనీరుకీ ఒకటే మార్కు! చదువు, పరీక్షలో రాయి, కానీ నీ థీసిస్‌ని దాని మీద నిలబెట్టకు.

కోర్సు ఏ విభాగం నడుపుతోందో చూడు. వాషింగ్టన్‌లో 'అమెరికన్ యూనివర్సిటీ' అనే పేరుతోనే ఉన్న యూనివర్సిటీలో ఇది స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ సర్వీస్ కింద ఉంది, కాబట్టి విదేశాంగ విధానం, దౌత్యం గాలి తగులుతుంది. మీడియా విభాగం కింద ఉంటే చదువు వేరే దారి పడుతుంది. నీ ప్రశ్నకి ఆరోగ్య రంగం మీద పనిచేసే ప్రొఫెసర్ కావాలి. అలాంటివాళ్లు లేనిచోటికి ర్యాంకు చూసి వెళ్లకు. మెథడ్స్ క్లాసులు మొదటి ఏడాదిలోనే తీసుకో. ఇంటర్వ్యూ చేయడం, విన్నది అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం నేర్చుకోవాలి. మనుషుల మీద పరిశోధనకి ఐఆర్‌బీ (యూనివర్సిటీలో పరిశోధన నైతికతను చూసే కమిటీ) అనుమతి కావాలి, రోగులంటే ఇంకా ఆలస్యమవుతుంది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. చదువయ్యాక అమెరికాలో ఉండి పనిచేసుకోడానికిచ్చే అనుమతి, ఓపీటీ, మామూలుగా 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సులకైతే మరో 24 నెలలు కలుస్తాయి. కమ్యూనికేషన్ కోర్సులు చాలావరకు అందులోకి రావు. కోర్సు స్టెమ్ కిందికి వస్తుందో లేదో తేల్చేది దాని సీఐపీ కోడ్ (సబ్జెక్టు నంబరు), అదేమిటని అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడుగు, ఇందులో సిగ్గుపడేదేం లేదు. అసిస్టెంట్‌షిప్ (డిపార్ట్‌మెంటులో పనిచేస్తే ఇచ్చే ఆర్థిక సాయం) రాకపోతే అంత అప్పు చేసి వెళ్లొద్దనే అంటాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ చెప్పే సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, హైదరాబాద్‌లోనే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఎఫ్లూ ఉంది. వాటికీ అప్లై చెయ్.

ఎస్ఓపీ మళ్లీ రాసి ఆదివారంలోగా పంపు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు కదిలించకు.

మీ అత్త