కల్పిత భాషలో ధాతువుకు ప్రత్యయాలు తగిలిస్తే సరిపోతుందా?

నలభై ధాతువులు, పదిహేను ప్రత్యయాలు రాసుకున్నాను, కలుపుకుంటూ పోతే నా ఫాంటసీ నవలకి భాష తయారవుతుందా అని అడిగారు. పదాలైతే తయారవుతాయి. నేనూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను.

నా భాషలో ‘దల్’ అంటే మండు. దలె నిప్పు, దలొర్ నిప్పు పెట్టేవాడు, దల్న నిప్పు ఉండే చోటు, అంటే పొయ్యి. ప్రతి ధాతువుకీ ఇదే వరస. ఆరొందల పదాలయ్యాక చదువుకుంటే ఎక్కాల పుస్తకంలా ఉంది. ఎస్పెరాంతో అనే కల్పిత భాషకి ఇది సుగుణమే: సన అంటే ఆరోగ్యంగా ఉన్న, మల్‌సన జబ్బుపడ్డ, మల్‌సనులో రోగి, మల్‌సనులేయో ఆసుపత్రి. 1887లో జామెన్‌హాఫ్ దాన్ని బయటపెట్టిందే అందరూ తేలిగ్గా నేర్చుకోవాలని. వెయ్యేళ్లు జనం నోళ్లలో నానిన భాష అంత శుభ్రంగా ఉండదు.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ దారి వేరు. 1987లో అచ్చయిన ఆయన ధాతువుల పట్టికలో ‘క్వెట్’ అంటే చెప్పు. దాన్నుంచి ఆయన కల్పించిన క్వెన్యా భాషలో కథకి ‘క్వెంటా’ వచ్చింది, సోదర భాషలో ‘పెంట్’ వచ్చింది (మనకి నవ్వొస్తే ఆయన తప్పు కాదు). రెండోదాంట్లో పాత ‘క్వ’ పెదవుల మీదికొచ్చి ‘ప’ అయింది. మనం బళ్లో బట్టీపట్టిన ప్రకృతి–వికృతుల్లాంటిదే ఇదీ. శ్రీ సిరి అయింది, విద్య విద్దె అయింది. యాత్ర జాతర అయ్యేసరికి శబ్దంతో పాటు అర్థమూ పక్కకి జరిగింది.

అది చూశాక ఒక్క నియమం పెట్టుకున్నాను: ‘ల్న’ ఎక్కడొచ్చినా ‘న్న’ అవ్వాలి. దల్న దన్న అయింది. పొయ్యి వెలిగేదే ఇల్లు కదా, మెల్లగా దన్న అంటే ఇల్లయింది. ఇంటికొచ్చిన పిల్ల, అంటే కోడలు, దన్నిక. నిప్పు మాత్రం దలెగానే ఉండిపోయింది. కోడలికీ నిప్పుకీ చుట్టరికం ఉందని ఆ భాష మాట్లాడే పాత్రలకే తెలీదు. (అత్తగారికి అనుమానం ఉండొచ్చు.)

కాబట్టి ధాతువులు సగానికి తగ్గించండి, ధ్వని నియమాలు మూడో నాలుగో పెట్టుకోండి. పెట్టాక ముద్దొచ్చిన పదాలకి మినహాయింపులు ఇవ్వకండి. నా కథానాయిక మేల్న కూడా ఈ నియమానికి దొరికిపోయి మేన్న అయింది. రెండ్రోజులు మనసొప్పలేదు. చివరికి ఆమెని పాత ఉచ్చారణ వదలని కొండప్రాంతపు పిల్లని చేశాను. ఇప్పుడు మూడో అధ్యాయంలో, మారువేషంలో కోట గుమ్మం దగ్గర తన పేరు చెప్పగానే కాపలావాడికి పట్టుబడిపోతుంది.